పచ్చి ఆహారంతో కండ పెరుగుతుందా, కొవ్వు తగ్గుతుందా: నాలుగు పద్ధతుల పోలిక

మొలకలు, పండ్లు, పచ్చి కూరగాయల ముక్కలతో రోజు గడపడం విజయవాడ, గుంటూరు వాసులకు కొత్త విషయం కాదు. ప్రకృతి వైద్యం ప్రచారం చేసే మంతెన సత్యనారాయణ రాజు గారి ఆరోగ్యాలయం కృష్ణ కరకట్ట మీదే ఉంది. ఉప్పూ నూనే లేని భోజనం, పొద్దున్నే మొలకలు, చీకటి పడకముందే పండ్లు అన్న పద్ధతిని ఆయన మాటలు విని పాటించిన ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి. ఆ ఇళ్ళలోని పెద్దవాళ్ళు బరువు తగ్గడానికో, చక్కెర అదుపులోకి రావడానికో ఆ పద్ధతిని ఎంచుకున్నారు. ఇప్పుడు వారి పిల్లలు జిమ్‌లో బరువులు ఎత్తుతూ, అదే ఆహారంతో కండ కూడా పెంచుకోవాలనుకుంటున్నారు. ఈ రెండు అవసరాలూ ఒకటి కావు, కొన్నిచోట్ల ఒకదానికొకటి అడ్డు తగులుతాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పచ్చి ఆహారం కొవ్వు తగ్గించడానికి ఏ గుణం వల్ల పనికివస్తుందో, కండ పెంచడానికి ఆ గుణం వల్లే ఇబ్బంది పెడుతుంది: కడుపు నిండినంత సులువుగా ప్రోటీన్ నిండదు. అందుచేత ఎక్కువమందికి పగటి ఆహారంలో అధిక భాగం పచ్చిగా ఉంచుకొని, ప్రోటీన్ ఇచ్చే పదార్థాలను మాత్రం వండుకొని తినడమే సరైనదని నేను నమ్ముతున్నాను. మిగిలిన పద్ధతులు కూడా కొందరికి, కొంతకాలానికి పనికివస్తాయి. ఎవరికి ఏది అన్నది తేలాలంటే ముందు కొలతలు కావాలి.

## ఏ కొలతలతో పోల్చాలి

మొదటి కొలత ప్రోటీన్. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో సవరించిన సిఫారసు ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. బరువులు ఎత్తి కండ పెంచాలనుకునేవారికి క్రీడా పోషణ నిపుణులు సాధారణంగా కిలోకు 1.6 గ్రాముల దగ్గర లక్ష్యం పెడతారు. కొవ్వు తగ్గించుకుంటూ ఉన్న కండను కాపాడుకోవాలంటే 2 గ్రాముల దాకా కూడా వెళతారు. 70 కిలోల మనిషికి 1.6 చొప్పున లెక్కిస్తే రోజుకు 112 గ్రాములు అవుతుంది.

రెండవ కొలత ఆ ప్రోటీన్‌తో పాటు వచ్చే కేలరీలు. పచ్చి ఆహారం గురించిన చర్చల్లో ఎక్కువగా మరుగున పడిపోయేది ఇదే. ఆ 70 కిలోల మనిషి కొవ్వు పెరగకుండా ఉండాలంటే 2,200 కేలరీల దగ్గర ఆగాలనుకుందాం. అప్పుడు 112 గ్రాములు అందాలంటే తిన్న ప్రతి వంద కేలరీలకూ సగటున ఐదు గ్రాముల ప్రోటీన్ రావాలి. ఏ పదార్థం ఈ ఐదుకు పైన ఉందో, ఏది కింద ఉందో చూస్తే సగం సందేహాలు తీరిపోతాయి.

| పదార్థం (100 గ్రాములు) | ప్రోటీన్ (సుమారు) | కేలరీలు (సుమారు) | వంద కేలరీలకు ప్రోటీన్ |
|---|---|---|---|
| ఎండు పెసలు | 24 గ్రా. | 340 | 7 గ్రా. |
| వేరుశనగ గుళ్ళు | 25 గ్రా. | 560 | 4.5 గ్రా. |
| గుమ్మడి గింజల పప్పు | 30 గ్రా. | 560 | 5.4 గ్రా. |
| బాదం | 21 గ్రా. | 580 | 3.6 గ్రా. |
| పచ్చి కొబ్బరి | 3.3 గ్రా. | 350 | 1 గ్రా. |
| అరటిపండు | 1.1 గ్రా. | 90 | 1.2 గ్రా. |
| మామిడిపండు | 0.8 గ్రా. | 60 | 1.3 గ్రా. |
| పెరుగు | 3.5 గ్రా. | 60 | 5.8 గ్రా. |
| కోడిగుడ్డు | 12.5 గ్రా. | 145 | 8.6 గ్రా. |
| తోలు తీసిన కోడి రొమ్ము మాంసం | 22 గ్రా. | 115 | 19 గ్రా. |

ఈ పట్టికలో పచ్చిగా తినగలిగిన మొక్కల ఆహారంలో ఐదు దాటినవి పెసలు, గుమ్మడి గింజలు మాత్రమే. వేరుశనగ గుళ్ళను ప్రోటీన్ ఆహారంగా చూడడం మనకు అలవాటు; అందులో ప్రోటీన్ బాగానే ఉంది కానీ నూనె అంతకంటే ఎక్కువ ఉంది. వేరుశనగతోనే 112 గ్రాములు రాబట్టాలంటే 450 గ్రాముల గుళ్ళు తినాలి, అంటే 2,500 కేలరీలు. అరటిపండ్లతో రాబట్టాలంటే ఎన్ని గెలలు కావాలో పట్టికే చెబుతుంది.

మూడవది అరుగుదల. పప్పుగింజల్లో ప్రోటీన్ అరుగుదలకు అడ్డుపడే పదార్థాలు ఉంటాయి. నానబెట్టి మొలకెత్తించడం వల్ల అవి కొంత తగ్గుతాయి, ఉడికిస్తే ఇంకా తగ్గుతాయి. కాబట్టి కాగితం మీద 24 గ్రాములు కనిపించినా, పచ్చిగా తిన్నప్పుడు ఒంటికి అందేది అంతకంటే తక్కువే. ఇక విటమిన్ బి12, అయోడిన్ వంటి సూక్ష్మపోషకాలు, ఆహార భద్రత, ఇంట్లో కుదురుతుందా లేదా అన్నవి మిగిలిన కొలతలు. వాటిని ఆయా పద్ధతుల దగ్గర చెబుతాను.

## మొదటి పద్ధతి: పూర్తిగా పచ్చి శాకాహారం

ఈ పద్ధతిని కచ్చితంగా పాటించేవారు సుమారు 48 డిగ్రీల సెల్సియస్ దాటి వేడి తగిలిన దేనినీ తినరు. ఆ నియమం ప్రకారం చూస్తే వేయించిన వేరుశనగ గుళ్ళు పచ్చివి కావు, బెల్లం పచ్చిది కాదు, అంగట్లో తెల్లగా దొరికే జీడిపప్పు కూడా పచ్చిది కాదు, ఎందుకంటే పెంకు తీయడానికి ముందే దానిని ఆవిరికో మంటకో గురిచేస్తారు. నియమం అంత కఠినమైనదని తెలిసే ఇందులోకి దిగాలి.

70 కిలోల మనిషికి ఒక రోజు ఆహారం ఇలా వేసి చూద్దాం: 100 గ్రాముల ఎండు పెసలు, 50 గ్రాముల శనగలు మొలకెత్తించినవి, నానబెట్టిన వేరుశనగ గుళ్ళు 60 గ్రాములు, గుమ్మడి గింజలు 30, బాదం 30, నువ్వులు 20 గ్రాములు, పచ్చి కొబ్బరి 80 గ్రాములు, ఆరు అరటిపండ్లు, వీటికి తోడు కీరా, క్యారెట్, జామ, బొప్పాయి వంటివి కిలో. అంతా కలిపితే దాదాపు 2,550 కేలరీలు, ప్రోటీన్ 85 గ్రాముల దగ్గర వస్తుంది. వంద కేలరీలకు మూడు గ్రాముల పైచిలుకు మాత్రమే. ఇది సోమరిగా వేసిన జాబితా కాదు, ప్రోటీన్ కోసం ప్రత్యేకంగా ఏర్చి కూర్చినది. అయినా లక్ష్యానికి పాతిక గ్రాములు తక్కువగా, కేలరీలు మూడు నాలుగు వందలు ఎక్కువగా వచ్చాయి. పైగా అన్ని మొలకలు నమిలి అరిగించుకోవడం అందరి కడుపూ భరించే పని కాదు. మొదటి వారాల్లో గ్యాస్, ఉబ్బరం సర్వసాధారణం.

మొలకెత్తితే ప్రోటీన్ రెట్టింపు అవుతుందన్న మాట తరచూ వినిపిస్తుంది. అది నిజం కాదు. నీరు చేరి బరువు పెరుగుతుంది, విటమిన్ సి వంటివి పెరుగుతాయి, ప్రోటీన్ మొత్తం మాత్రం ఎండు గింజలో ఎంత ఉందో దాదాపు అంతే ఉంటుంది. అందుకే మొలకలను గిన్నెల లెక్కన కాక, నానబెట్టే ముందు తూచిన ఎండు గింజల లెక్కన కొలుచుకోవాలి.

కొవ్వు తగ్గించుకోవడానికి ఈ పద్ధతి బలమైనదే. నూనె, వేపుళ్ళు, చక్కెర, మైదా ఒక్కసారిగా పోతాయి. నీరు, పీచు ఎక్కువ కాబట్టి తక్కువ కేలరీలకే కడుపు నిండుతుంది. అయితే ఆ తగ్గుదల ఆగవలసిన చోట ఆగదు. జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయం వారు దీర్ఘకాలం పచ్చి ఆహారం తిన్నవారిపై చేసి 1999లో వెలువరించిన అధ్యయనంలో చాలామంది ఉండవలసిన దానికంటే తక్కువ బరువుకు చేరుకున్నారు. 45 ఏళ్ళ లోపు స్త్రీలలో దాదాపు 30 శాతం మందికి నెలసరి క్రమం తప్పడమో, పూర్తిగా ఆగిపోవడమో జరిగింది. ఒంటికి శక్తి చాలడం లేదనడానికి అంతకంటే స్పష్టమైన గుర్తు లేదు. శక్తి చాలని ఒంట్లో కండ పెరగదు.

బి12 మొక్కల ఆహారంలో నమ్మదగిన రూపంలో దొరకదు, అందుచేత ఈ పద్ధతిలో మాత్ర తప్పనిసరి. ఇందులో మినహాయింపు లేదు. ఉప్పు కూడా మానేసేవారు అయోడిన్ సంగతి ఆలోచించాలి, ఎందుకంటే మన ఇళ్ళలో అయోడిన్ ప్రధానంగా వచ్చేది ఆ ఉప్పు ద్వారానే. శాకాహారుల కండరాల్లో క్రియాటిన్ (కండరాలు శక్తికి వాడుకునే పదార్థం) నిల్వలు తక్కువగా ఉంటాయి కాబట్టి, బరువులు ఎత్తేవారికి రోజుకు 3 నుంచి 5 గ్రాముల క్రియాటిన్ మోనోహైడ్రేట్ ఉపయోగపడుతుంది. మూత్రపిండాల సమస్య ఉన్నవారు వైద్యుని అడగకుండా దానిని వాడకూడదు.

భద్రత గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా ఇ.కోలై సూక్ష్మజీవి వ్యాపించి వేలమంది జబ్బుపడ్డారు, యాభై మందికి పైగా చనిపోయారు. మొలక రావడానికి కావలసిన వెచ్చదనం, తేమ సూక్ష్మజీవులకు కూడా అనుకూలమైనవే. మన మే నెలలో 40 డిగ్రీలు దాటిన వేడికి మూటలోని పెసలు మధ్యాహ్నానికల్లా జిగురెక్కి పులిసిన వాసన వేస్తాయి. వేసవిలో మరిగించి చల్లార్చిన నీటితో కొన్ని గంటలకొకసారి కడగాలి, ముక్కు పగిలి చిన్న మొలక కనిపించగానే ఫ్రిజ్‌లో పెట్టాలి, మరుసటి రోజుకల్లా తినేయాలి. జిగురు, వాసన ఉంటే పారేయాలి. గర్భిణులు, చిన్నపిల్లలు, ముసలివారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు మొలకలను ఆవిరి మీద ఉడికించుకునే తినాలి.

రాజ్మాను పచ్చిగా గానీ, మొలకెత్తించి గానీ తినకూడదు. అందులోని లెక్టిన్ అనే విషపదార్థం తీవ్రమైన వాంతులు, విరేచనాలు తెస్తుంది. సోయా గింజలూ పచ్చిగా పనికిరావు. వేరుశనగలో రంగు మారినవి, ముడుచుకున్నవి, బూజు వాసన ఉన్నవి ఏరి పారేయాలి. బూజు వల్ల చేరే అఫ్లటాక్సిన్ కాలేయానికి హాని చేస్తుంది, అది వేయించినా పూర్తిగా పోదు. పాలకూర, తోటకూర వంటి ఆకులను రోజూ పచ్చి రసంగా తాగితే ఆక్సలేట్లు (రాళ్ళు కట్టే లవణాలు) పోగవుతాయి. మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చినవారు వాటి జోలికి పోకపోవడం మంచిది.

## రెండవ పద్ధతి: పచ్చి ఆహారానికి పెరుగు, ప్రోటీన్ పొడి చేర్చడం

కచ్చితమైన నియమం ప్రకారం కాచిన పాలతో తోడుపెట్టిన పెరుగు పచ్చి ఆహారం కాదు. ఆ పట్టింపును వదులుకోగలిగితే శాకాహారులకు దారి చాలా సుగమం అవుతుంది. పైన చెప్పిన జాబితాలో కొబ్బరిని, మూడు అరటిపండ్లను తీసేసి, అరకిలో పెరుగు, ఒక కొలత వే ప్రోటీన్ (పాల విరుగుడు నీటి నుంచి తీసిన పొడి) చేర్చి చూడండి: ప్రోటీన్ 120 గ్రాముల దగ్గరకు చేరుతుంది, కేలరీలు 2,400 దగ్గర ఆగుతాయి. వంద కేలరీలకు ఐదు గ్రాములు అందినట్టే. పాల ప్రోటీన్‌లో కండ పెరగడానికి ముఖ్యమైన ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కూడా ఎక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మన ఇళ్ళలో గడ్డపెరుగు అంటే మీగడ కట్టిన గేదె పాల పెరుగు. దానిలో కొవ్వు పట్టికలో ఇచ్చిన దానికంటే ఎక్కువ. మీగడ తీసిన పాలతో తోడుపెట్టి, పల్చటి గుడ్డలో వేలాడదీసి నీరు వడకడితే బరువుకు తగిన ప్రోటీన్ దాదాపు రెట్టింపు అవుతుంది. దానిలో కీరా, క్యారెట్ తురుము, కొత్తిమీర కలిపి, తాలింపు లేకుండా పచ్చడిలా తింటే వ్యాయామం తర్వాత హాయిగా ఉంటుంది. పాలు పడనివారు, పాలకు దూరంగా ఉండాలనుకునేవారు బఠాణీ, బియ్యం ప్రోటీన్లు కలిపిన పొడి వాడుకోవచ్చు.

గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ సత్యనారాయణపురంలోనో గుడ్డు కూడా ముట్టని ఇళ్ళ పిల్లలకు నేను సూచించేది ఈ పద్ధతినే.

## మూడవ పద్ధతి: పచ్చి గుడ్లు, పచ్చి పాలు, పచ్చి మాంసం

దీనిని నేను ఎవరికీ సూచించను. పచ్చి గుడ్డు తాగితే బలమన్న నమ్మకం వ్యాయామశాలల్లో పాతది. కానీ 1998లో వెలువడిన ఒక కొలత ప్రకారం వండిన గుడ్డు ప్రోటీన్ 91 శాతం జీర్ణమైతే, పచ్చి గుడ్డు ప్రోటీన్ 51 శాతం మాత్రమే జీర్ణమైంది. అంటే పది పచ్చి గుడ్లు తాగినవారికి ఆరు ఉడికిన గుడ్ల ఫలమైనా అందదు. సాల్మొనెల్లా సూక్ష్మజీవి ప్రమాదం దానికి అదనం; తెల్లసొనలోని ఎవిడిన్ అనే ప్రోటీన్ బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి అందకుండా పట్టి ఉంచుతుంది. కాచని పాల ద్వారా పశువుల నుంచి సోకే బ్రూసెల్లోసిస్ జ్వరం, క్షయ రావచ్చు. పచ్చి చేప, పచ్చి మాంసం మన వాతావరణంలో ఆలోచించదగినవే కావు.

## నాలుగవ పద్ధతి: అధిక భాగం పచ్చి, ప్రోటీన్ మాత్రం వండినది

పొద్దున 60 గ్రాముల ఎండు పెసల మొలకలు, ఒక పండు, గుప్పెడు నానబెట్టిన వేరుశనగ గుళ్ళు. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యపు అన్నం, 60 గ్రాముల కందిపప్పుతో గట్టిగా చేసిన పప్పు, 150 గ్రాముల కోడి కూర, పెద్ద గిన్నెడు పచ్చి ముక్కలు, కప్పు పెరుగు. వ్యాయామానికి ముందు రెండు అరటిపండ్లు, తర్వాత నాలుగు ఉడికించిన గుడ్లు, కీరా, క్యారెట్, కొన్ని గుమ్మడి గింజలు. కూరకు వేసిన నూనెతో కలిపి సుమారు 2,100 కేలరీలు, ప్రోటీన్ 115 నుంచి 120 గ్రాములు. కోడి బదులు చేప తినవచ్చు. రెండూ వద్దనుకుంటే గుడ్లు పెంచి పప్పు, పెరుగు ఎక్కువ చేసుకోవచ్చు.

ఈ పద్ధతిలో నాకు నచ్చే అంశం లెక్క కుదరడం ఒక్కటే కాదు. ఇంట్లోవారితో కలిసి ఒక పూట కూర్చొని తినవచ్చు. పెళ్ళి భోజనానికి వెళ్ళినా, బంధువులు వచ్చినా పద్ధతి చెడదు. ఖర్చు కూడా అదుపులో ఉంటుంది: పెసలు, కందిపప్పు, గుడ్లు, వేరుశనగ ఇచ్చే ప్రోటీన్ చవకైనది, మొదటి పద్ధతిలో అడుగడుగునా కనిపించే బాదం, గుమ్మడి గింజలు ఖరీదైనవి. గుడ్లు, పెరుగు, మాంసం వల్ల బి12 కూడా అందుతుంది.

దీని లోపం మనసుకు సంబంధించినది. ఒక పూట వండినది తింటున్నాం కదా అని ఆ పూటలోకి వేపుడు, అప్పడం, నెయ్యి, రెండోసారి అన్నం మెల్లగా చేరతాయి. నూనెను చెంచాతో కొలిచి వేయడం, బియ్యాన్ని తూచడం కనీసం మొదటి నెల అలవాటు చేసుకోవాలి.

| కొలత | పూర్తిగా పచ్చి శాకాహారం | పచ్చి, పెరుగు, పొడి | పచ్చి గుడ్లు, పాలు, మాంసం | అధికం పచ్చి, ప్రోటీన్ వండినది |
|---|---|---|---|---|
| కొవ్వు తగ్గడం | త్వరగా | బాగా | ఇతర ఆహారాన్ని బట్టి | బాగా, కొలత తప్పకపోతే |
| కండ పెరగడం | కష్టం | వీలవుతుంది | అరుగుదల నష్టం | సులువు |
| బి12 | మాత్ర తప్పదు | కొంత అందుతుంది, పరీక్ష అవసరం | అందుతుంది | అందుతుంది |
| జబ్బు ప్రమాదం | మొలకలు, నీటి వల్ల | మొలకలు, నీటి వల్ల | చాలా ఎక్కువ | తక్కువ |
| ఎన్నాళ్ళు నిలుస్తుంది | కొన్ని వారాలు | ఏళ్ళ తరబడి | అసలు వద్దు | ఏళ్ళ తరబడి |

## ఎవరికి ఏది

ముప్పై అయిదు, నలభై ఏళ్ళ వయసులో కుర్చీ ఉద్యోగం చేస్తూ నడుము చుట్టూ కొవ్వు చేరినవారు మొదటి పద్ధతిని నాలుగు నుంచి ఆరు వారాలు పాటించి, ఆపైన నాలుగవ దానిలోకి మారవచ్చు. ఆ వారాల్లో కూడా వారానికి కనీసం రెండు మూడు రోజులు బరువులు ఎత్తాలి, లేకపోతే తగ్గే బరువులో కండ కూడా చాలా పోతుంది. వారానికి శరీర బరువులో అర శాతం నుంచి ఒక శాతం దాకా తగ్గితే చాలు. అంతకంటే వేగంగా తగ్గుతుంటే ఆహారం పెంచాలి.

హాస్టల్‌లో ఉండి చదువుకునే సన్నని కుర్రవాడికి సమస్య వేరు. అతను తగ్గవలసింది ఏమీ లేదు, పెరగాలి. రోజుకు అవసరమైన దానికంటే రెండు మూడు వందల కేలరీలు ఎక్కువ తినాలి. కడుపు నింపేసే పచ్చి కూరగాయలు అతని ఆకలిని చంపేస్తాయి. గుడ్లు, పాలు, అరటిపండ్లు, నానబెట్టిన వేరుశనగ, మెస్‌లో దొరికే పప్పన్నం అతనికి సరిపోతాయి. అరటిపండుకు ఇక్కడ లోటు లేదు. కృష్ణ లంకల్లో పండే చక్కెరకేళి, కర్పూరం ఏడాది పొడుగునా రైతుబజార్లకు వస్తూనే ఉంటాయి. అతను పూర్తిగా పచ్చి ఆహారంలోకి వెళ్ళడం తప్పని నేను గట్టిగానే చెబుతాను.

స్త్రీలు ఏ పద్ధతి ఎంచుకున్నా నెలసరిని గమనించాలి. క్రమం తప్పితే ఆహారం చాలడం లేదన్న అనుమానంతో వెంటనే కేలరీలు పెంచి, వైద్యురాలిని కలవాలి. రక్తహీనత ఉన్నవారు మొలకల్లో నిమ్మరసం పిండుకోవడం, వాటితోపాటు జామపండు తినడం మంచిది, ఎందుకంటే విటమిన్ సి మొక్కల ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. భోజనం కాగానే కాఫీ, టీ తాగితే ఆ మేలు పోతుంది.

అరవై దాటినవారికి కండ నిలుపుకోవడమే పెద్ద పని. పళ్ళు సరిగా లేనివారు గిన్నెడు మొలకలు నమలలేరు, వారికి ఉడికించిన పప్పు, గుడ్డు, వడకట్టిన పెరుగు నయం. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఆ మందు వల్లే బి12 తగ్గే అవకాశం ఉంది. అటువంటివారు పచ్చి శాకాహారంలోకి వెళితే లోపం రెండువైపులా పెరుగుతుంది. పండ్లనే భోజనంగా చేసుకుంటే చక్కెర పెరుగుతుంది, ఆహారం మారి బరువు తగ్గితే మందుల మోతాదు ఎక్కువై చక్కెర పడిపోవచ్చు, కాబట్టి వైద్యునికి చెప్పకుండా మారకూడదు.

## కాలాన్ని బట్టి మార్పులు

విజయవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్ నిండే ఏప్రిల్, మే నెలల్లో పచ్చి ఆహారం పాటించేవారు పూటంతా మామిడిపండ్లతో గడపాలనుకోవడం సహజం. కిలో గుజ్జులో 600 కేలరీలు, ఎనిమిది గ్రాముల ప్రోటీన్ మాత్రమే ఉంటాయి. రోజుకు ఒక బంగినపల్లి, అది కూడా వ్యాయామం చేసిన పూట తింటే రెండు పనులూ నెరవేరుతాయి. వేసవిలో ముంజలు, చలికాలంలో జామ కొవ్వు తగ్గేవారికి మంచి స్నేహితులు.

వర్షాకాలంలో మాత్రం పచ్చి ఆహారం తగ్గించాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు నీట మునిగినప్పటి పరిస్థితి అందరికీ తెలుసు. అటువంటి రోజుల్లో కూరగాయలు కడిగే నీటిని కూడా నమ్మలేము. నీరు శుభ్రమైనదని నమ్మకం కలిగేదాకా తొక్క ఒలిచి తినే పండ్లు తప్ప మరేదీ పచ్చిగా తినకుండా, మొలకలను ఉడికించుకోవాలి. ఉప్పునీటిలో నానబెట్టినంత మాత్రాన ఆకుకూరల మీది సూక్ష్మజీవులు పోవు.

ఏ పద్ధతి మొదలుపెట్టినా ముందు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది) పరీక్షలు చేయించుకోండి. క్రియాటిన్ వాడేవారిలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువగా కనిపించవచ్చు కాబట్టి ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి. వారానికి ఒకే రోజు, పరగడుపున బరువు, నడుము చుట్టుకొలత రాసుకోండి, జిమ్‌లో ఎత్తే బరువులు కూడా రాసుకోండి. నడుము తగ్గుతూ ఎత్తే బరువు నిలకడగా ఉంటే పద్ధతి సరిగా నడుస్తున్నట్టు. నడుముతో పాటు ఎత్తే బరువు కూడా వరుసగా రెండు మూడు వారాలు పడిపోతుంటే, మిగిలినవి మార్చే ముందు ప్రోటీన్ పెంచి చూడండి.